పూజ చేసిన జాయింటు

సీతమ్మధార, విశాఖపట్నం,
14 అక్టోబరు 2003.

చిరంజీవి సాయిశంకర్‌కి,

అమ్మ ఆశీస్సులు. ఇంట్లో అందరం క్షేమం. నా మోకాళ్ళను ఈ 'అందరం'లో కలపలేదు, వాటి సంగతి వాటిదే. నీ ఓడ సింగపూరు చేరేసరికి ఈ ఉత్తరం ఏజెంటు చేతిలో ఉండాలని ఇవాళే పోస్టు చేయిస్తున్నాను. అనూరాధకు బ్యాంకులో ప్రమోషను వచ్చింది. నీ భార్య తనే రాస్తానంది కాబట్టి, అప్పుడు తెలియనట్టు ఆశ్చర్యపడు.

నీ ప్రశ్నలకు జవాబులు. బీపీ మాత్ర వేసుకుంటున్నాను. వంటింటి కప్పు కారడం లేదు, వాన ఆగింది గనక. ఇక అసలు ప్రశ్న: "యశస్విని బగ్గీకి క్రాస్ జాయింట్లే వేయమని అంత స్పష్టంగా రాశాను, ఎవరు కాదన్నారు?" నేనే కాదన్నాను. భోగాపురం ఇసుకలో జరిగే కాలేజీల కార్ల పోటీలో, తను స్వయంగా కట్టుకున్న ఆ బండి మధ్యలో ఆగిపోతే, నీ కూతురు బళ్ళ పిచ్చి వదిలేసి కంప్యూటరు కోర్సులో చేరాలని షరతు పెట్టింది నువ్వు. షరతు పెట్టినవాడే జాయింటు కూడా ఎంచితే ఇంక ఆ పిల్లకు మిగిలిందేమిటి?

నువ్వు ఓడ ఇంజనీరువి. నీ షాఫ్టు తిన్నగా పడుకుని తిరుగుతుంది, దానికి గుంటలు తెలియవు. ఈ బగ్గీలో ఇంజను వెనక ఉంటుంది. వెనక చక్రాలు ఒక్కొక్కటి మూరెడు మేర పైకీ కిందికీ ఊగుతాయి, ఇంజను మాత్రం కదలదు. మధ్యనున్న షాఫ్టు ఆ ఊపుకు వంగాలి, సాగాలి, బలం మాత్రం జారవిడవకూడదు. అందుకే దానికి రెండు చివర్లా జాయింట్లు.

వాటికి సీవీ జాయింట్లే కావాలంది నీ కూతురు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, ఊరికే ఒప్పుకుంటానా? ముందు పాత జీపు క్రాస్ జాయింటు తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టింది. దాన్ని బాగా వంచి ఒక చివర నా చేతికిచ్చింది.

"ఒకే వేగంతో తిప్పు మామ్మా."

తిప్పాను. అటు చివర ఓసారి పరుగు, ఓసారి నీరసం, మళ్ళీ పరుగు.

"ఇదేమిటే, సిటీ బస్సు కండక్టరులా రైట్ రైట్ అంటుంది, వెంటనే హోల్డాన్ అంటుంది?"

"వంపు పెరిగేకొద్దీ అంతే. జీపులో రెండు చివర్ల వంపూ సమానం గనక, ఒకదాని తడబాటు రెండోది సర్దేస్తాది. మన చక్రం గుంటలో పడితే ఆ సమానం ఏటుంటాది?"

"మరి నువ్వు చెప్పే సీవీ జాయింటో?"

"వంగినా నున్నగా తిరుగుతాది. ఇంజను వైపుది లోపలికీ బయటికీ జారుతాది కూడా, షాఫ్టు పొడుగు అదే చూసుకుంటాది. కాకపోతే ఓ హద్దు దాటి వంచితే పట్టేసి విరుగుతాది."

"అయితే చక్రాన్ని హద్దులో ఉంచు."

"ఆడపిల్లలకి చెప్పే మాట చక్రాలకి కూడా చెప్తావేటి మామ్మా!"

అన్నదే గాని, ఆ మాటే విన్నది. చక్రం మరీ కిందికి వేలాడకుండా గట్టి పట్టీలు కట్టి, నాలుగు వేళ్ళ ఊపు వదులుకుంది. జాయింటు మీది రబ్బరు తొడుగు చిరిగితే ఇసుక దూరుతుందని నువ్వు భయపడ్డావు కదా, దాని మీద తోలు కప్పింది. తర్వాత ఇద్దరం మల్కాపురంలో అబ్బులు పాత సామాన్ల కొట్టుకి వెళ్ళాం.

"ఏటి టీచరమ్మా, క్రాసా, సీవీయా? రెండూ ఉన్నాయి, రెండూ మంచివే."

"ఏది విరగదు?"

"కొన్నరోజున ఏదీ ఇరగదమ్మా."

ఇంతటి నిజం చెప్పిన వ్యాపారిని నేనింతవరకు చూడలేదు. ఆ కొట్టులో ఉన్న ఒకే ఒక్క సీవీ జతను తెచ్చుకున్నాం.

నాయనా, ఇక్కడిదాకా నిలబడి చదువుతుంటే ఇక కూర్చో.

ఆయుధపూజ నాడు యశస్విని ఒక జాయింటుకు గ్రీజు పెట్టి, తొడుగు బిగించే క్లిప్పులు తక్కువయ్యాయని మల్కాపురం పోయింది. నేను పూజ పళ్ళెం పట్టుకుని షెడ్డులోకి వెళ్ళాను. ఇంజనుకు బొట్టు, టైర్లకు బొట్టు. ఇంత తగవు పెట్టిన జాయింటును మాత్రం వదిలేస్తామా? తెరిచిన దాని నోట్లో చిటికెడు కుంకుమ, గుప్పెడు అక్షింతలు వేసి దణ్ణం పెట్టుకున్నాను. చదువుకున్నదాన్నే. చేతికి చదువు గుర్తుండదు, అలవాటు గుర్తుంటుంది. మునిమాపువేళ వచ్చిన పిల్ల పైన ఇంకాస్త గ్రీజు కూరి క్లిప్పు బిగించేసింది.

పోటీకి మూడురోజుల ముందు, పరీక్షగా నడిపినప్పుడు వెనక నుంచి టకటకమని మొదలై, ఒక్కసారి ఫెళ్ళుమంది. అబ్బులు వచ్చి విప్పాడు.

"టీచరమ్మా, ఇది గ్రీజా, పులిహోరా?"

అసలే అరిగిన జాయింటు, దానికి నా భక్తి తోడైంది. లోపలి గుండ్లను పట్టి ఉంచే చట్రం పగిలిపోయింది. తప్పు నాదని అక్కడే చెప్పాను. యశస్విని చేతులు తుడుచుకుని, "కంప్యూటరు కోర్సు ఎన్నాళ్ళు మామ్మా?" అని అడిగింది.

తిట్టినా బాగుండేది.

ఊళ్ళో అలాంటి జాయింటు ఇంకెక్కడా దొరకలేదు. నీ తెల్ల కారుకు మాత్రం ఉన్నాయి.

"వద్దు మామ్మా, అది నాన్న కారు."

"సాయిబాబుగారొచ్చి నన్నేటంటారో, నాను ముట్టనమ్మా," అన్నాడు అబ్బులు.

"కాగితాలు నా పేరు మీద ఉన్నాయి. విప్పు," అన్నాను.

అనూరాధ గుమ్మంలోకి వచ్చి, "అత్తయ్యా, నేనేమీ చూడలేదు," అని బ్యాంకుకు వెళ్ళిపోయింది. ఆమె మీద కోపం తెచ్చుకోకు. నీ కారు ప్రస్తుతం ఇటుకల మీద విశ్రాంతి తీసుకుంటోంది.

ఆదివారం నేనూ వెళ్ళాను. ఇసుక దిబ్బ మీంచి బగ్గీ గాల్లోకి లేచినప్పుడు చక్రాలు రెండూ కిందికి వేలాడి, పట్టీల దగ్గర ఆగాయి. నేను కళ్ళు మూసుకున్నాను. చెవులు మూసుకోలేదు. టకటక వినపడలేదు. నాలుగో స్థానం వచ్చింది. నీ తృప్తి కోసం రాస్తున్నాను, ఒక క్రాస్ జాయింట్ల బండి మా కంటే ముందే చేరింది. కానీ మాది ఎక్కడా ఆగలేదు.

ఆగి ఉంటే కోర్సులో చేరవలసింది ఆ పిల్ల కాదు, నేను. దరఖాస్తు నా పేరునే నింపమని అనూరాధకు ముందే చెప్పి ఉంచాను. టైపు లోయరు పరీక్ష ఎప్పుడో పాసయ్యాను, ఆ మీటలకు భయపడను.

కారు గురించి తిట్టదలిస్తే నాకు రాయి. షరతు తీరిందని మాత్రం నాకు రాయకు, ఆ పిల్లకు విడిగా రాయి. నాలుగు వాక్యాలు చాలు, సలహాలు వద్దు. ఇప్పటి నుంచే పోస్టుమాన్ వచ్చే వేళకు గేటు దగ్గర తిరుగుతోంది. ఎందుకే అంటే గాలి కోసమట.

ఇట్లు,
ఇక యంత్రాలకు దూరం నుంచే దణ్ణం పెట్టే నీ అమ్మ,
గౌరీశ్వరి