పెన్ డ్రైవ్ నాదే

ఏమోయ్ రచయిత్రీ, కంప్యూటర్ బాగైంది. మళ్ళీ ఆన్ అవుతూ మధ్యలో బిగుసుకుపోతే ప్లగ్ పీకేయకు. అది ఆరిపోయేదాకా పవర్ బటన్ నొక్కి పట్టుకుని, కాసేపాగి మళ్ళీ నొక్కు.

మూడు రోజులుగా కంప్యూటర్ తెరుచుకోకపోతే "నువ్వే ఏదో నొక్కుంటావు" అని నిన్ను సాధించాను కదా. పొద్దున దాని వెనక దుమ్ము తుడుస్తుంటే, నేనే గుచ్చి మర్చిపోయిన నా పాటల పెన్ డ్రైవ్ కనిపించింది. దాన్ని తీసేయగానే లక్షణంగా తెరుచుకుంది. తప్పు నాదే, ఒప్పుకుంటున్నా.

నీ కథ ఒక్క అక్షరం పోకుండా ఉంది. గడువు సాయంత్రం దాకానేగా, పత్రికకి పంపించెయ్. నేను బస్సు డ్యూటీకి వెళ్తున్నా, ఏడింటికల్లా వస్తాను.

అన్నట్టు, కథ మొత్తం చదివేశాను. చాలా బాగుంది. అందులో బట్టతల మొగుడు నేనేనని తెలిసిపోయింది. పంపేముందు వాడికి నాలుగు వెంట్రుకలు పెట్టవే, నీకు పుణ్యం ఉంటుంది.