బల్లగుడ్డ మీద మరక

అత్తయ్యా,

మీరు పోయి నేటికి ఏడాది. మీరు చేసిన బట్టల సబ్బులు అయిపోతే, నెల కిందట కాస్టిక్ సోడా డబ్బా నేనే తీశాను. మీరున్నన్నాళ్లూ "చేతులు కాల్చుకుంటావమ్మాయ్" అని నన్ను దగ్గరికి రానివ్వలేదు. గుమ్మంలో నిలబడి చూసిందే నా చదువు.

మొదటిసారి సోడా నీళ్లు చల్లారకముందే కొబ్బరినూనెలో పోశాను. విరిగిన పాలలా నూనె పైకి తేలిపోయింది. మీ అబ్బాయి చూసి, "ఇప్పుడందరూ ప్యాకెట్ పొడే వాడుతున్నారు. తెనాలి నుంచి తెస్తాలే" అన్నారు. వద్దన్నాను. రెండోసారి బకెట్‌లో సోడా నీళ్లు చల్లబడేదాకా ఆగి నూనెలో పోసి, కలిపే కర్ర బరువెక్కేదాకా తిప్పాను. మర్నాటికి గట్టిపడింది. ముక్కలు కోసి మూడు వారాలు ఆరబెట్టాను.

నిన్న మన చర్చి సంఘపెద్ద వచ్చారు. ఇరవై ఏళ్లు మీరు ఉతికిన తెల్లగుడ్డ, ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం పెట్టే ప్రభువు బల్ల మీద పరిచేది, ఆయన సంచిలో ఉంది.

"ద్రాక్షరసం మరక దేనికీ పోవడం లేదమ్మా. మీ అత్తగారి సబ్బు ఏమన్నా మిగిలుందా?" అన్నారు.

"లేదండి. ఇప్పుడు నేనే చేస్తున్నాను. గుడ్డ ఇచ్చి వెళ్లండి" అన్నాను.

ఆయన కాస్త తటపటాయించి ఇచ్చారు. రెండుసార్లు రుద్ది నానబెట్టి, ఎండలో ఆరేశాను. మరక పోయింది.

ఈ సాయంత్రం నేనే తీసుకెళ్లి బల్ల మీద పరిచాను. నాలుగు కొసలూ సరిచేసి, మీరు కూర్చునే బెంచీ మీద కూర్చుని కాసేపు దాన్నే చూశాను.

రేపల్లె నుంచి,
మీ కోడలు