మంచు హోటల్లో నా వేలు

ఫిబ్రవరి 9, ఆదివారం
ప్రార్థన మందిరంలో గంటన్నర ప్రసంగించాను. మా ఊరి తోర్నె నది మంచు కోసి కట్టిన ఆ హోటల్ మీదే. "బాబెలు గోపురం వాళ్లైనా ఇటుకలతో కట్టారు, వీళ్లు నీళ్లతో కడుతున్నారు! మంచు గ్లాసుల్లో మద్యం! మంచు విగ్రహాలు!" విశ్వాసులు వణికారు. నా భార్య లెంపి తల వంచుకుంది. ఆ విగ్రహాలు చెక్కేది మా అమ్మాయి ఐలాయే మరి.

సాయంత్రం ఐలా వచ్చింది.
"మీరు లోపల అడుగైనా పెట్టలేదు నాన్నా. నేను చెక్కిన గదిలో ఒక్క రాత్రి పడుకోండి. తొమ్మిది నుంచి పొద్దున ఏడు దాకా, పక్కనున్న వెచ్చటి భవనం గడప తొక్కకుండా. గెలిస్తే ఉలి పారేసి మందిరానికొస్తా. ఓడితే నా పని పాపం కాదని ఆ వేదిక మీదే చెప్పాలి. మూడు రాత్రులిస్తా."
"ఒకటి చాలు!"
బైబిల్లో అగ్నిగుండంలో పడేసిన ముగ్గురు కుర్రాళ్లు చెక్కుచెదరలేదు. ఈ ఐసుగడ్డ ఎంత?

ఫిబ్రవరి 12
ఉన్ని మేజోళ్లు మూడు జతలు. బైబిలు. పెద్ద ఫ్లాస్కు నిండా కాఫీ. మా శాఖవాళ్లకు మద్యం లేదు, టీవీ లేదు, కిటికీలకు తెరలు కూడా లేవు. దేవుడు కాఫీ ఒక్కటే వదిలాడు.

8.50. బయట మైనస్ ముప్పై, గదిలో మైనస్ ఐదు. మంచు మంచం, మీద రెయిన్‌డీర్ తోళ్లు. ఎదురుగా నిలువెత్తు మంచు మనిషి. గడ్డం, వేదిక, పైకెత్తిన వేలు. నేనే! ఎవడో టూరిస్టు ఆ వేలికి టోపీ తగిలించి పోయాడు. తీసి నేనే పెట్టుకున్నాను.
10.15. ఫ్లాస్కు ఖాళీ. ఒళ్లంతా వెచ్చన. స్తోత్రం!
11.05. ఒక సంగతి ఎవరూ చెప్పలేదు. మంచు గదులకు బాత్రూములుండవు. అవి వెచ్చటి భవనంలో ఉన్నాయట.
11.20. దేవుడు పెట్టిన పరీక్షలన్నీ యోబు ఓర్చుకున్నాడు. నేనూ ఓర్చుకుంటాను.
11.31. యోబు అంత కాఫీ తాగి ఉండడు.

ఫిబ్రవరి 13
వెచ్చటి భవనంలో రాత్రి డ్యూటీ చేసే గున్‌వోర్ అడిగింది: "అయ్యగారూ, మళ్లీ లోపలికెళ్తారా, కాఫీ పెట్టనా?"
"ఒక్క కప్పు."
ఏడింటికి అక్కడి బెంచీ మీదే నన్ను లేపింది. ఇది ఓటమి కాదు. ప్రతిదానికీ ఒక సమయముందని గ్రంథమే అంటోంది.

ఫిబ్రవరి 19
రెండో రాత్రి. పొద్దున్నుంచి కాఫీ ముట్టలేదు!
12.10. తలలో సుత్తి దెబ్బలు. కాఫీ లేకే. ఇద్దరు పడుకుంటే వెచ్చన, ఒంటరికి వెచ్చదనం ఎక్కడిదని గ్రంథంలో జ్ఞాని ఊరికే అనలేదు. లెంపిని రమ్మంటే, "నేనెవరి మీదా ప్రసంగాలు చెయ్యలేదుగా, నాకెందుకీ చలి?" అంది.
1.40. అపొస్తలుడు పేతురంతటివాడు కూడా మంట దగ్గర చలి కాచుకున్నాడు.
1.45. గున్‌వోర్ కప్పు సిద్ధంగా పెట్టి ఉంచింది.

ఫిబ్రవరి 26
చివరి రాత్రి. 9.20కి టూరిస్టులు నలుగురు తొంగిచూశారు. విగ్రహం పక్కన నిలబడి, వేలెత్తి, నరకం గురించి చెప్పాను. ఫొటోలు తీసుకున్నారు. తర్వాత వేడి పళ్లరసానికి పోయారు. తప్పిపోయిన గొర్రెల వెంట కాపరి వెళ్లక తప్పదు. గొర్రెలు వెచ్చటి భవనంలోకి వెళ్లాయి.

మార్చి 2, ఆదివారం
మూడేళ్ల తర్వాత ఐలా మందిరానికొచ్చింది. వెనక బల్ల మీద కూర్చుంది. ఆ ఒక్క మాట కోసమే. దేవుడు చెప్పమన్న మాట చెప్పకుండా పారిపోయి చేప కడుపులో పడ్డ యోనా గురించి నేను గంటన్నర చెప్పాను. ఆమెన్ అనేసరికి బల్ల ఖాళీ.
లెంపి దారిలో అంది: "చేప కడుపులో వెచ్చగానే ఉండుంటుంది లెండి."


ఏప్రిల్ 20
హోటల్ మూసేశారు. పైకప్పు నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. ఐలా లోపలే ఉంది. విగ్రహానికి గడ్డం ఉంది, వేలు లేదు.
"ముందు వేలే పోయింది నాన్నా."
మా శాఖలో పాపం ఒప్పుకోవాలంటే ఇంకో విశ్వాసి ముందు ఒప్పుకోవాలి. క్షమాపణ వాళ్ల నోటితోనే వినాలి. ఏ సహోదరుడి దగ్గరికెళ్లాలా అని నెల రోజులుగా ఆలోచిస్తున్నాను. అక్కడ ఐలా ఒక్కతే ఉంది.
"ఓడిపోయాను. మూడుసార్లు. ఓడినా చెప్పలేదు."
తడి చేతి తొడుగులతోనే నా మెడ చుట్టూ చేతులు వేసింది. చిన్నప్పుడు నేను నేర్పిన మాటలే అంది: "నమ్మండి నాన్నా. అన్నీ క్షమించబడ్డాయి."

ఏప్రిల్ 27, ఆదివారం
చెప్పాను. నాలుగు నిమిషాల ప్రసంగం. ఎవరూ నిద్రపోలేదు. లెంపి తలెత్తి విన్నది.
వచ్చే శీతాకాలం ఐలా నన్ను మళ్లీ చెక్కుతుందట. ఈసారి కూర్చోబెట్టి, చేతికి కప్పు ఇచ్చి.
డిసెంబరులో మళ్లీ వెళ్తాను! పందెం లేదు. తొమ్మిది నుంచి ఏడు, ఒక్క రాత్రి. అభ్యాసం ఈ రోజు నుంచే. మధ్యాహ్నం మూడు దాటాక కాఫీ ముట్టను.
3.20. ఐలా ఇంటికొచ్చింది. లెంపి పొయ్యి మీద కాఫీ పెట్టింది. మూడు కప్పులు.
రేపటి నుంచి.