ఈసారి ఎగ్గొట్టడానికి వీల్లేదు

అమ్మాయీ,

పాపని తీసుకుని మా చెల్లెలింటికి వెళ్తున్నా. ఇక "పాపనెవరు చూస్తారత్తయ్యా" అనే సాకు నీకు లేదు. ఇప్పటికే రెండుసార్లు ఎగ్గొట్టావు.

నీలం డ్రెస్సు నడుం దగ్గర వదులుగా ఉంటే కుట్టేసి, ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టాను. స్కూలు నుంచి రాగానే ముఖం కడుక్కో. జుట్టుకి కూడా సుద్దపొడి అంటుకుని ఉంటుంది, చూసుకో. కాస్త ఏదైనా తిని వెళ్ళు. ఆకలేస్తే నీకు కోపమొస్తుంది, ఆ సంగతి అతనికి ఇవాళే తెలియక్కర్లేదు. దిద్దాల్సిన పేపర్లు వెంట తీసుకెళ్ళావంటే ఊరుకోను. నచ్చకపోతే కాఫీ తాగేసి, నవ్వుతూ వచ్చేయ్. ఎవరూ ఏమీ అనరు.

నిన్న నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు నీ ఫోను మోగితే నేనే తీశాను. ఆ కళ్ళజోళ్ళ షాపతనే. "ఈసారైనా వస్తారాండీ ఆవిడ?" అని నీళ్ళు నమిలాడు. "మా కోడలు రాకపోతే నేనే వచ్చేస్తా బాబూ" అన్నాను. పాపం, కంగారుగా ఫోను పెట్టేశాడు. అందుకైనా నువ్వే వెళ్ళు.

భోజనానికి మా కోసం చూడకు. తొందరగా రావాలని హైరానా పడకు.

అత్తయ్య

ఇంకో మాట. పొద్దున నా కొడుకు ఫోటోని గోడవైపు తిప్పి పెట్టావు. చూశాను. మళ్ళీ తిన్నగా పెట్టేశా. వాడు పోయి నాలుగేళ్ళయింది. నువ్వు ముస్తాబై బయల్దేరుతుంటే వాణ్ణీ చూడనీ.