శరణ్య గుర్రమెక్కింది

సైదమ్మా, ఈ సూర్యాపేటల చాయ్ గ్లాసు నా బొటనవేలంత ఉంటది, ఏం తాగాలె! నువ్వు బెంగ ఇడువు, మన శరణ్య గుర్రమెక్కింది. నడవరాని పిల్లాయె, గుర్రమెక్కితే నడుముకు బలమొస్తదని డాక్టర్ చెప్పిండు గని, మూడు వారాలు గుర్రాన్ని సూస్తెనే ఏడ్సింది. "ఇయ్యాల ఎక్కకపోతే బంద్ చేద్దాం నాయినా" అన్నది మన బిడ్డ. అంతట్ల ఆ తెల్లగుర్రమే వచ్చి పిల్ల కుర్చీ కాడ తల వంచి, ఒళ్లె మూతి పెట్టింది. పిల్ల పక్కున నవ్వి, "తాతా, నన్నెక్కియ్" అన్నది. టోపీ, బూట్లేసుకొని దొరసాని లెక్క కూసున్నది. మన పెండ్లిల నువ్వు గూడ అంత ఠీవిగ కూసోలె. నేర్పే మేడమైతే "రోజు మాలిష్ చేసే నా కాడికే గిట్ల రాదు, పిల్ల మనసు తెలుసుకున్నది" అని ఒకటే మురుసుడు.

బర్రె ఈనిందా? నా తెల్లపంచె పంపు. నీ మోకాళ్లు పైలం.

ఒక్క మాట, ఎవ్వలకు చెప్పకు. నువ్వు అల్లునికి పంపిన బెల్లం ఆ పొద్దు పిల్ల జేబుల దాసింది నేనే. అల్లునికి చీమలు తిన్నయని చెప్పిన.