రెండంగుళాల చీలిక

మార్చి 3, సోమవారం

పెట్టెలు వచ్చాయి. సముద్రం అవతలి మ్యూజియం వాళ్ళు మా కొత్త మ్యూజియానికి పదేళ్ళకి అరువిచ్చిన, చెక్కపలకల మీద గీసిన పాత బొమ్మలు. రెండు దేశాలు కలిసి కట్టిన భవనం కదా, గుమ్మంలో రెండు జెండాలు. లోపల బొమ్మల బాగోగులు చూసేది మాత్రం నేనొక్కదాన్నే.

పెట్టె వచ్చాక ఒక రోజంతా తెరవకూడదు. లోపలి చెక్కకి మా గది గాలి అలవాటవ్వాలి. ఆ తర్వాత వాళ్ళ మనిషీ నేనూ పక్కనుంచి టార్చి వేసి, అంగుళం అంగుళం చూసి, ఉన్నది ఉన్నట్టు ఫారంలో రాసి సంతకాలు పెట్టాలి. వాళ్ళ మనిషి ఒకావిడ. టార్చి మేడమ్ అని పేరు పెట్టుకున్నాను. వదిలితే నా చెవిలో కూడా టార్చి వేసి చూసేలా ఉంది.

మార్చి 7, శుక్రవారం

చివరి పెట్టె ఈ పొద్దున ఎనిమిదికి దిగింది. టార్చి మేడమ్‌కి మధ్యాహ్నం ఫ్లైటు. వాళ్ళమ్మకి ఆపరేషనట. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టేసి, రేపు నువ్వే చూసి రాసెయ్ అంది. ఆవిడ మొహం చూసి కాదనలేకపోయాను.

సాయంత్రం 5

డైరెక్టరు గారు నెత్తిన కూర్చున్నారు. రేపు పొద్దున్నే మంత్రి గారొస్తుంటే గోడ బోసిగా ఉంటే ఎలాగమ్మా అని ఒకటే గొడవ. నాలుగింటికి తెరిచాను. పెట్టె దిగిన ఎనిమిది గంటలకే. చెక్కపలక మీద రేవు, పడవలు, నల్లటి ఆకాశం. చూస్తుండగానే టక్‌మంది. ఆకాశంలో తెల్లగా, వంకరగా రెండంగుళాల చీలిక.

గదిలో ఇంకెవరూ లేరు. ఫారంలో మార్పు లేదు అని రాశాను. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చాయి. అందుకే భయమేస్తోంది.

ఏప్రిల్ 19

మా ఆయనకి వేరే ఊరికి ట్రాన్స్‌ఫర్! పాపకి అక్కడ స్కూల్లో సీటు కూడా దొరికింది. రాజీనామా రాసుకుని పరిగెత్తాను. వెళ్ళమ్మా, నిన్నెవరు ఆపారు అన్నారు డైరెక్టరు గారు. కొత్త మనిషికి ఒక్కో బొమ్మనీ టార్చి వేసి చూపించి, అప్పజెప్పి వెళ్తే చాలట.

కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని వచ్చేశాను.

ఏప్రిల్ 20

రిలీవ్ చెయ్యరట అని ఆయనతో అబద్ధమాడాను.

జూన్ 8, ఆదివారం

ఇద్దరూ వెళ్ళిపోయారు. అమ్మకి నాకంటే ఆ బొమ్మలే ఎక్కువ అందట పాప, బస్సులో. ఆయన ఫోన్లో నవ్వుతూ చెప్పారు. ఏడేళ్ళ పిల్ల. నాకు ఏడుపు ఆగలేదు.

జూన్ 9

రేవు బొమ్మ ముందున్న తాడుని ఇంకో రెండడుగులు వెనక్కి జరిపించాను. జనం మరీ మీద పడుతున్నారు అని చెప్పాను.

మార్చి 6, శుక్రవారం

ఏడాది తనిఖీకి టార్చి మేడమ్ వచ్చింది. చివరి బొమ్మ దగ్గర ఆవిడ టార్చి ఆగిపోయింది. అడగకుండానే అంతా కక్కేశాను. రాసెయ్యండి, నన్ను తీసేస్తే తీసేస్తారు, నా పిల్ల దగ్గరికి పోతాను అన్నాను. నిజంగా ఎంత తేలికపడ్డానో!

ఆవిడ అక్కడే కుర్చీలో కూలబడింది. ఇది బయటపడితే ఖాళీ ఫారం మీద నేనెందుకు సంతకం పెట్టానని అడగరా అంది. అమ్మ ఇంకా మంచం మీదే ఉందట, ఈ జీతమే ఆధారమట. మార్పు లేదు అని ఈసారి ఆవిడే రాసింది. నేను పక్కన సంతకం పెట్టాను. ఇక నిజం చెప్పాలంటే ఆవిడని ముంచాలి.

మార్చి 7

ఈ రోజు సభ. అరువు ఒప్పందం ఇంకో ఇరవై ఏళ్ళు పొడిగించారు. ఒక్క బొమ్మకీ గీటు కూడా పడకుండా చూశామని మా ఇద్దరినీ వేదిక ఎక్కించారు. వెనక గోడంత ఫోటో, రేవు బొమ్మదే. చీలిక నా అంత ఎత్తుంది.

మేడమ్, కాస్త పక్కకి జరగండి, ఆకాశంలో మెరుపు కనబడట్లేదు అన్నాడు ఫోటోగ్రాఫరు.

జరిగాను.