బావ చీలదన్న సమూహం

అక్కా,

నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా. మీ ఆయన మరీ కులాసా. నువ్వు ఊరెళ్లి చూసుకుంటున్నాక మీ అత్తగారు కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నారని రాశావు, సంతోషం. ఆ కన్నకొడుకు ఒక్కసారైనా ఫోన్ చేసి అడిగాడా? ఎందుకు అడుగుతాడు, గొప్ప బుర్ర కదా!

బావ సరిగ్గా తింటున్నారా అన్నావు. సుష్టుగా. అందరి ముందూ ఆయన్ని ఏమన్నావే అనీ అడిగావు. చెబుతాను.

మన లెక్కల్లో సమూహమంటే కదలికల గుంపు. అది ఒక చెట్టును, అంటే కొమ్మలేసినట్టుండే గీతల బొమ్మను, కదిలించేటప్పుడు ఏ బిందువూ ఉన్నచోట మిగలకపోతే, ఆ సమూహాన్ని ముక్కలుగా విడదీయొచ్చు. నీకు తెలియనిదా! తన సమూహానికి ఏ చెట్టు మీదైనా కదలని బిందువు మిగులుతుందని, అది చీలనే చీలదని బావ ఏళ్లుగా ఊదరగొడుతున్నారు. ఆయన ప్రొఫెసర్ కుర్చీ, ఆ గొంతు, అన్నీ దాని మీదే.

సెమినార్‌లో లేచి బోర్డు మీద ఒక చెట్టు గీశాను.

"కదలని బిందువు ఎక్కడుంది సార్?"

"ఎక్కడో ఉంటుందమ్మా," అని నవ్వారు. ముందు వరుసలోని భజన బృందమూ నవ్వింది.

"వేలు పెట్టి చూపించండి."

ఆయన సమూహంలోనే, చెట్టు మొత్తాన్ని ఒకే గీత వెంట జరిపే కదలికను చూపించాను. అన్నీ జారిపోతుంటే నిలిచేదేముంది? ఆయన బోర్డు వంక చూసి, "కాఫీ తాగొద్దాం," అన్నారు. అంతటి మహా సిద్ధాంతం కాఫీలో కలిసింది.

సాయంత్రం డిపార్ట్‌మెంట్‌లో నా గది గుమ్మంలో నిలబడ్డారు. "వ్యాసం కలిసి రాద్దాం. నా పేరు ముందుంటే త్వరగా అచ్చవుతుంది."

"ఆ ఆలోచన అక్కది బావగారూ."

"మీ అక్కదా? దానికింకా లెక్కలు గుర్తున్నాయా?"

కోపం కూడా రాలేదే, రోత పుట్టింది. ఒకే గదిలో మీరిద్దరూ రీసెర్చ్ చేశారు. పెళ్లయ్యాక ఆ గది ఆయనదైంది, వంటగది నీదైంది. సెమినార్‌కు ముందు ఒకరోజు అత్తగారికి జావ కాస్తూ, ఫోన్ భుజానికి నొక్కిపెట్టి, "అన్ని కదలికల్నీ ఎందుకు చూస్తావే, జారేది ఒక్కటి దొరికితే చాలదూ?" అన్నావు. ఆ ఒక్కమాట ఆయనకు ఇన్నేళ్లలో తట్టలేదు.

ఇక నీకు చెప్పకుండా చేసిన పని. వ్యాసం పత్రికకు పంపేశాను. నీ పేరు ముందు, నాది తర్వాత. బావది లేదు, కృతజ్ఞతల్లో కూడా. నీ పుట్టింటి ఇంటిపేరే రాశాను. సంపాదకుడు నీ సమ్మతి అడుగుతాడు. వద్దంటే వ్యాసమే వెనక్కి తీసుకుంటాను, నీ మీద ఒట్టు. కానీ ఆయన్ని అడిగి చెబుతానని మాత్రం అనకు.

ఇట్లు,
నీ వెనక పుట్టినది